ఐదు నెలలుండే మామయ్య ‘టెంపరరీ’నా, ‘పర్మనెంటా’?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఉంటున్నాం. మా అత్తయ్య, మామయ్య గుంటూరు నుంచి విజిట్ వీసా మీద వచ్చి మూడు వారాలైంది. మొత్తం ఐదు నెలలు ఉంటారు. మామయ్యకి 67 ఏళ్లు, షుగరు, బీపీ ఉన్నాయి. మందులు రెండు నెలలకే తెచ్చుకున్నారు. దగ్గర్లోని జీపీ ప్రాక్టీసుకి (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్) ఫోన్ చేస్తే ‘విజిటర్లయితే టెంపరరీ’ అన్నారు. నేరుగా వెళ్తే కౌంటర్‌లో ఇంకొకరు ‘వాళ్ల పేరు మీద అడ్రస్ ప్రూఫ్ లేకపోతే అర్జెంటుగా ఏదైనా ఉంటేనే చూస్తాం’ అన్నారు. మా ఫ్రెండ్ ఒకావిడేమో ‘పర్మనెంట్ అని రాస్తే వీసా వాళ్లకి తెలిసిపోతుంది, మళ్లీ వీసా ఇవ్వరు’ అంటోంది. ఫారంలో ‘జీపీ బయట జరిగే వైద్యానికి డబ్బు కట్టాల్సి రావచ్చు’ అనే చోట టిక్ పెట్టడానికి మావారు జంకుతున్నారు. మా తమ్ముడు కోవెంట్రీలో చదువుతున్నాడు, సెలవులకి మా ఇంటికొస్తాడు. వాడి పేరు ఎక్కడ ఉండాలి? చివరిగా, అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. ఎలాగూ ఉన్నారు కదా, ఎమ్మారై ఇక్కడే తీయించేస్తే బాగుంటుందా?
— ఒక కోడలు, లెస్టర్

జవాబు: కోడలు గారూ, మీకు సలహా ఇచ్చిన ముగ్గురిలో ఇద్దరు సగం సగం నిజం చెప్పారు. మూడో ఆవిడ ఊరికే భయపెట్టారు. నేను ఈ దేశంలోనే ఒక జీపీ ప్రాక్టీసులో పదేళ్లు కౌంటర్ వెనక కూర్చున్నదాన్ని, కాబట్టి అవతలి పక్క నుంచి ఈ వ్యవహారం ఎలా కనిపిస్తుందో చెబుతాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. మీ అత్తయ్య, మామయ్యలను మామూలు పేషెంట్లుగానే చేర్పించండి. అంటే మీ ఫ్రెండ్ భయపడుతున్న ఆ ‘పర్మనెంట్’ రకంలోనే.

ఆ మాటే మనవాళ్లను తికమకపెడుతుంది. పర్మనెంట్ అనగానే మనకి పీఆర్, ఐఎల్‌ఆర్ లాంటి శాశ్వత నివాస హక్కులు, పాస్‌పోర్టు గుర్తొస్తాయి. కౌంటర్‌లో కంప్యూటర్ ముందున్న అమ్మాయికి ఆ మాటతో అంత పని లేదు. కొత్త పేషెంట్ పేరు ఎక్కించేటప్పుడు తెర మీద ఒక జాబితా తెరుచుకుంటుంది: రెగ్యులర్ (మీ ఫ్రెండ్ అన్న ‘పర్మనెంట్’ ఇదే), టెంపరరీ, ఇమీడియట్లీ నెసెసరీ, ఎమర్జెన్సీ, ప్రైవేట్, ఇంకా ఏవేవో. అందులో ఏది నొక్కాలో తేల్చేది వీసా కాదు. ఈ మనిషి ఈ ప్రాంతంలో ఎన్నాళ్లు ఉంటాడన్నదే లెక్క. 24 గంటలు దాటి, మూడు నెలల లోపు ఉండేవాళ్లు టెంపరరీ. మూడు నెలలు దాటి ఉండేవాళ్లు రెగ్యులర్. బ్రిస్టల్‌లో పుట్టి పెరిగిన తెల్లాయన పని మీద రెండు నెలలు లెస్టర్ వస్తే ఆయన టెంపరరీ. గుంటూరు నుంచి వచ్చి ఐదు నెలలుండే మీ మామయ్య రెగ్యులర్. వినడానికి తమాషాగా ఉన్నా రూలు అదే.

మరి ఫోన్‌లో ఆవిడ టెంపరరీ అని ఎందుకన్నారు? అలవాటు. విజిటర్ అన్న మాట చెవిన పడగానే నోటికి వచ్చేస్తుంది. మీరు బహుశా ‘ఐదు నెలలు’ అన్న ముక్క చెప్పి ఉండరు, ఆవిడా అడిగి ఉండరు. పూర్వం ఈ తేడా డాక్టర్లకి చాలా ముఖ్యంగా ఉండేది. టెంపరరీ పేషెంట్ ఒక్కొక్కరికి వాళ్లకి విడిగా ఫీజు ముట్టేది. 2004లో ప్రభుత్వంతో జీపీలకి కొత్త కాంట్రాక్టు వచ్చాక ఆ డబ్బంతా ఏకమొత్తంలో కలిసిపోయింది. కాగితం ఫారంలో మాత్రం ‘15 రోజుల లోపా, పైనా’ అనే పాత గళ్లు అలాగే మిగిలిపోయాయి.

ఈ తప్పు నేనే చేశాను, అదీ మా అమ్మ విషయంలో. కాకినాడ నుంచి ఆరు నెలలకి వచ్చింది. ‘వెళ్లిపోయే మనిషే కదా’ అని నా చేత్తోనే టెంపరరీ ఫారం నింపాను. మూడో నెల దాటగానే ఆ నమోదు గడువు తీరిపోయింది. థైరాయిడ్ మాత్రలు మళ్లీ ఇమ్మని రిపీట్ ప్రిస్క్రిప్షన్ పెడితే ‘ఈ పేరు మా లిస్టులో లేదు’ అని జవాబు. మళ్లీ మొదట్నుంచి చేర్పించేసరికి తొమ్మిది రోజులు గడిచాయి, ఆ తొమ్మిది రోజులూ అమ్మ మాత్ర లేకుండానే ఉంది. కౌంటర్‌లో పనిచేసే కూతురుండి ఇలాగా అని ఫోన్‌లో అన్నయ్య చేత నాలుగు తిట్లు కూడా తిన్నాను. అందుకే ‘ఐదు నెలలు’ అనేది మీరే ముందుగా, గట్టిగా చెప్పండి.

ఇక అడ్రస్ ప్రూఫ్. ఇంగ్లండ్‌లో జీపీ దగ్గర పేరు నమోదుకి అడ్రస్ ప్రూఫ్ గానీ, గుర్తింపు కార్డు గానీ, వీసా కాగితం గానీ తప్పనిసరి కాదు. ఇది నా సొంత మాట కాదు, ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) వెబ్‌సైట్‌లో జీపీ రిజిస్ట్రేషన్ పేజీలోనే ఉంది. ఆ పేజీ ఫోన్‌లో తెరిచి పట్టుకెళ్లండి. ప్రాక్టీసు వాళ్లు అడగొచ్చు, అడగడం తప్పు కాదు. రికార్డులు కలిసిపోకుండా చూసుకోవడానికి అడుగుతారు. లేదన్న కారణంతో వెనక్కి పంపడమే తప్పు. మీరూ పంతానికి పోకుండా, పాస్‌పోర్టు కాపీ, ‘వీళ్లు మా ఇంట్లో ఫలానా తేదీ దాకా ఉంటారు’ అని మీరు రాసిన చిన్న ఉత్తరం, మీ కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు కలిపి ఇచ్చేస్తే సగం వాదన అక్కడే ఆగిపోతుంది. అసలు కౌంటర్ దగ్గరకే వెళ్లకుండా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంగ్లండ్‌లోని ప్రాక్టీసులన్నీ 2024 అక్టోబరు చివరికల్లా ఆ సదుపాయం పెట్టాలన్నారు. నా మటుకు నాకు ఆన్‌లైనే మేలనిపిస్తుంది, ఎదురుగా ఉన్న మనిషి మూడ్‌తో పని ఉండదు.

ఒకవేళ ‘చేర్చుకోం’ అంటే కారణం రాతలో ఇమ్మనండి. 14 రోజుల్లో రాసి ఇవ్వాలని కాంట్రాక్టు రూలు. లిస్టు మూసేశారు, మీ ఇల్లు మా హద్దులో లేదు లాంటివి ఒప్పుకోదగిన కారణాలు. ‘విజిటర్ వీసా’ అనేది కాదు. చాలాచోట్ల ‘రాసివ్వండి’ అనగానే లోపలి నుంచి మేనేజర్ వచ్చి పని అయిపోతుంది. అప్పటికీ కుదరకపోతే మీ ప్రాంతంలో ఎన్‌హెచ్‌ఎస్ వ్యవహారాలు చూసే ఇంటిగ్రేటెడ్ కేర్ బోర్డుకి ఫిర్యాదు చేయొచ్చు. 2023 జులై నుంచి జీపీల మీద ఫిర్యాదులు చూసేది వాళ్లే.

కౌంటర్‌లో రెండో ఆవిడ అన్న ‘అర్జెంటుగా ఏదైనా ఉంటేనే’ అనేది కూడా గాల్లోంచి పుట్టింది కాదు. ఇమీడియట్లీ నెసెసరీ అని ఒక రకం నిజంగానే ఉంది. ఆ ఊళ్లో 24 గంటల లోపే ఉండేవాళ్లకి, లేదా చేర్చుకోం అని తిప్పిపంపినవాళ్లకి 14 రోజుల వరకు, ఆగలేని వైద్యం ఏదైనా ఉంటే చేసి తీరాలని దాని అర్థం. అంటే అది పేషెంట్‌కి ఆసరా. పేరు చేర్చుకోకుండా తప్పించుకునే దారి కాదు. ఎమర్జెన్సీ అనేది ఇంకా వేరు, పక్క వీధిలో ఎవరైనా కుప్పకూలితే చూడాల్సింది. ప్రైవేట్ అని ఎవరైనా ఫీజు చెబితే వెంటనే ఒప్పుకోకండి. ‘ఎన్‌హెచ్‌ఎస్ పేషెంట్‌గా ఎందుకు తీసుకోరు?’ అని అడగండి.

ఇప్పుడు అసలు విషయం, మీవారు జంకుతున్న ఆ టిక్. ఈ ఒక్కటి అర్థమైతే మిగతా టెన్షన్ అంతా పోతుంది. ఎన్‌హెచ్‌ఎస్‌కి రెండు గుమ్మాలు ఉన్నాయనుకోండి. మొదటిది జీపీ గుమ్మం. అక్కడ డాక్టరు చూసినా, నర్సు చూసినా ఎవరికీ డబ్బు లేదు. విజిటర్లకీ లేదు. రెండోది ఆసుపత్రి గుమ్మం. అక్కడ లెక్క మారుతుంది. ఈ దేశంలో మామూలుగా నివాసం ఉండేవాళ్లకి, వీసాతోపాటు హెల్త్ సర్‌చార్జి కట్టినవాళ్లకి ఉచితం. మీరు, మీవారు వర్క్ వీసా మీద ఉంటే బహుశా అది కట్టే ఉంటారు, 2024 ఫిబ్రవరిలో ఆ రేటు ఏడాదికి తలా 1,035 పౌండ్లు చేశారు. విజిట్ వీసాకి ఆ సర్‌చార్జి ఉండదు, కాబట్టి మీ మామయ్య ఆసుపత్రిలో చేరితే బిల్లు వస్తుంది. అది కూడా ఎన్‌హెచ్‌ఎస్ సొంత రేటుకి ఒకటిన్నర రెట్లు. లోపల 1,000 పౌండ్లు అనుకున్న వైద్యానికి చేతికి వచ్చే బిల్లు 1,500. భారత్‌తో బ్రిటన్‌కి పరస్పర వైద్య ఒప్పందం లేదు, కాబట్టి అందులో మినహాయింపూ లేదు.

ఫారంలో ఆ టిక్ చెప్పేది ఇంతే: ‘జీపీ బయట నాకు బిల్లు రావచ్చని తెలుసు’ అని. మీ మామయ్య విషయంలో అది నిజం. నిజం దగ్గర టిక్ పెట్టడానికి జంకెందుకు? దాని కింద ‘నాకు మినహాయింపు ఉంది’ అని ఇంకో గడి ఉంటుంది, అది సర్‌చార్జి కట్టిన మీలాంటివాళ్లది. పొరపాటున అక్కడ పెట్టకండి. జీపీ దగ్గర పేరు ఎక్కినంత మాత్రాన, పది అంకెల ఎన్‌హెచ్‌ఎస్ నంబరు వచ్చినంత మాత్రాన ఆసుపత్రి ఉచితం అయిపోదు. నేను చూసినంతలో మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. నంబరు వచ్చిందిగా అని ధీమాగా వెళ్లి, మూడు నెలల తర్వాత కవరు చించి చూసి లబోదిబోమంటారు.

వీసా సంగతి కూడా ఇక్కడే ఉంది. జీపీ దగ్గర పేరు రాయించుకోవడం విజిట్ వీసాకి విరుద్ధం కాదు. వీసాకి అడ్డొచ్చేది ఆసుపత్రి బాకీ. 500 పౌండ్లు, అంతకు మించి బాకీ రెండు నెలలు దాటి తీర్చకుండా ఉంటే ఆ సమాచారం వీసాలు చూసే హోమ్ ఆఫీసుకి వెళ్లొచ్చు, తర్వాతి వీసా దరఖాస్తు అక్కడ తిరగబడొచ్చు. బిల్లు ఒకేసారి కట్టలేకపోతే ఆ ఆసుపత్రిలో ఓవర్సీస్ విజిటర్స్ విభాగం వాళ్లతో మాట్లాడి వాయిదాలు పెట్టించుకోండి, ఊరుకోకండి. ప్రాణం మీదకొస్తే మాత్రం బిల్లు గురించి ఆలోచించకుండా 999కి ఫోన్ చేయండి. ఏ అండ్ ఈలో (ఆసుపత్రి అత్యవసర విభాగం) చూడటం వరకు ఎవరికైనా ఉచితమే. వార్డులో చేర్చుకున్న దగ్గర్నుంచి మీటర్ తిరుగుతుంది. అత్యవసర వైద్యాన్ని డబ్బు కోసం ఆపకూడదు, బిల్లు తర్వాత వస్తుంది. వచ్చేముందు తీసుకున్న ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితాలు ఈ రాత్రే తీసి, షుగరు, బీపీ లాంటి పాత జబ్బుల గురించి ఏం రాశారో చదవండి. చాలా పాలసీలు ఆ మాట దగ్గరే చేతులెత్తేస్తాయి.

ఫారం నింపేటప్పుడు పేరు, పుట్టినతేదీ విషయంలో జాగ్రత్త. ఇది మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, ఇంట్లో పిలిచే పేరు ఇంకోచోట. కొందరికి సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉంటుంది, ఇక ఇక్కడ ఎవరికి తోచినట్టు వాళ్లు నింపుతారు. పెద్దవాళ్లకి బడిలో మేస్టారు వేసిన పుట్టినతేదీ ఒకటి, అసలు పుట్టినతేదీ ఒకటి ఉంటాయి. ఏదైనా సరే పాస్‌పోర్టులో ఉన్నదే, అక్షరం మార్చకుండా రాయండి. మామయ్య కౌంటర్‌లో ‘అది కాదమ్మా, నేను పుట్టింది శ్రావణంలో’ అని మొదలుపెడితే నవ్వి ఊరుకోండి. ఒక మనిషికి రెండు రికార్డులు తయారైతే రక్తపరీక్ష ఒకదాన్లో, మందుల చీటీ ఇంకోదాన్లో పడుతుంది. వాటిని కలపడానికి నేను పడ్డ పాట్లు నాకే తెలుసు.

మందులు ఇంకా ఐదు వారాలకి ఉన్నాయి కదా, అయిపోయే దాకా ఆగకండి. పేరు ఎక్కగానే అపాయింట్‌మెంట్ అడగండి. వెళ్లేటప్పుడు ఖాళీ స్ట్రిప్పులు, గుంటూరు డాక్టరు గారి ప్రిస్క్రిప్షన్, ఈ మధ్య రిపోర్టులు తీసుకెళ్లండి. ఇక్కడి డాక్టరుకి మన బ్రాండు పేరు తెలియదు, స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరే కావాలి. మనదగ్గర షుగరుకి ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిపి ఇవ్వడం మామూలు. ఇక్కడ ఎక్కువగా విడివిడిగా రాస్తారు, కాబట్టి మామయ్య తినే ఒక మాత్ర కాస్తా రెండో మూడో అవ్వొచ్చు. గ్లిమెపిరైడ్ వాడుతుంటే దాని బదులు గ్లిక్లాజైడ్ రాయొచ్చు, ఇక్కడ అదే వాడుక. ‘మా డాక్టరు ఇచ్చింది మార్చేశారు’ అని ఆయన అలిగితే, ఏది దేని బదులో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. పాతవీ కొత్తవీ కలిపి వేసుకుంటే షుగరు పడిపోయే ప్రమాదం ఉంది.

కొలతలూ వేరు. మన మీటర్‌లో 180 అని చూపించేది ఇక్కడ 10, అంటే 18తో భాగించాలి. మూడు నెలల సరాసరి, హెచ్‌బీఏ1సీ మనకి 7 శాతం అయితే ఇక్కడి కాగితం మీద 53 అని వస్తుంది. ఆ 53 చూసి కంగారు పడొద్దని ముందే చెప్పి ఉంచండి.

మందులకి డబ్బు కట్టాలా అని మీరు అడగలేదు గానీ అడుగుతారు. ఇంగ్లండ్‌లో 60 దాటినవాళ్లకి ఎన్‌హెచ్‌ఎస్ చీటీ మీద మందులు ఉచితం. అంతకన్నా చిన్నవాళ్లకి ఒక్కో మందుకి 2024 మేలో 9.90 పౌండ్లు చేశారు. స్కాట్లండ్, వేల్స్‌లో అందరికీ ఉచితమే.

డాక్టరు దగ్గర మాట్లాడటానికి ఇంటర్‌ప్రెటర్ కావాలంటే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు అని చెప్పండి, ఫోన్‌లో కలుపుతారు, దానికీ డబ్బు లేదు. మీరే పక్కన కూర్చుని చెప్పొచ్చు. కానీ కోడలి ముందు మామగారు చెప్పుకోలేని సంగతులు కొన్ని ఉంటాయి, షుగరున్న మగవాళ్లకి మరీను. ఆ వీలు ఆయనకి ఇవ్వండి.

తిరిగి వెళ్లేటప్పుడు ప్రాక్టీసుకి ఒక మాట చెప్పి పేరు తీయించండి. దేశం వదిలి మూడు నెలలు దాటితే ఎలాగూ తీసేస్తారు. మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ చేర్పించాలి, ఎన్‌హెచ్‌ఎస్ నంబరు మాత్రం పాతదే ఉంటుంది. ఆ నంబరు ఎక్కడైనా రాసి పెట్టుకోండి.

మీ తమ్ముడి సంగతి చిన్నదే. స్టూడెంట్ వీసాతో సర్‌చార్జి కట్టాడు కాబట్టి ఆసుపత్రి భయం లేదు. ఏడాదిలో ఎక్కువ రోజులుండేది కోవెంట్రీలో, కాబట్టి రెగ్యులర్ పేరు అక్కడే ఉండాలి. సెలవుల్లో మీ ఇంట్లో ఉండగా జ్వరం వస్తే మీ ప్రాక్టీసులో టెంపరరీ ఫారం నింపాలి. అసలు టెంపరరీ అన్నది పుట్టిందే ఇలాంటివాళ్ల కోసం. మామూలు ఫారం నింపాడో, రికార్డు మొత్తం లెస్టర్‌కి వచ్చేసి కోవెంట్రీలో పేరు పోతుంది. రెండుచోట్లా రెగ్యులర్‌గా ఉండటం కుదరదు. ఆస్తమా ఉన్న ఒక కుర్రాడు ఇలాగే క్రిస్మస్‌కి అక్క ఇంట్లో కొత్త ఫారం నింపి, జనవరిలో యూనివర్సిటీకి తిరిగెళ్లి ఇన్‌హేలర్ అడిగితే పేరు లేదన్నారట. ఫోన్ మాకొచ్చింది.

అత్తయ్య మోకాళ్లకి ఎమ్మారై అంటారా, వద్దు. జీపీకి చూపించండి, అది ఉచితం. నొప్పి మాత్ర, ఫిజియో వ్యాయామాలు చెప్పొచ్చు. స్కానింగ్ అనగానే అది రెండో గుమ్మం. అత్యవసరం కానిదానికి 2017 అక్టోబరు నుంచి డబ్బు ముందే కట్టించుకుంటున్నారు, అదీ ఒకటిన్నర రెట్లు. పైగా ఇక్కడ వరుసలో ఆమె వంతు వచ్చేసరికి ఐదు నెలలు గడిచి, ఆవిడ గుంటూరులో దిగిపోయి కూడా ఉండొచ్చు. అక్కడైతే డాక్టరు రాసిన వారంలోపే స్కానింగ్ అయిపోతుంది. ఈలోగా మీ ఇంటి మెట్లు ఎక్కీ దిగీ నొప్పి పెరుగుతుంటే, వీలుంటే ఆవిడ పడక కింది గదిలోకి మార్చండి.